సెటప్ మార్చాక కాంపౌండ్ బో మళ్ళీ చేతికి రావాలంటే ఏం చేయాలి

"రెండు పౌండ్లు పెంచాను, ముప్పై మీటర్లలో బాగా పడే బాణాలు ఇప్పుడు చెల్లాచెదురుగా పడుతున్నాయి." "కొత్త స్ట్రింగ్ వేయించాను, పీప్ అడ్డం తిరిగిపోతోంది." "డ్రా లెంగ్త్ అర అంగుళం తగ్గించారు, అప్పట్నుంచి యాంకర్ కుదరడం లేదు." నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కాంపౌండ్ బో పట్టినవాళ్ళ నోట మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు ఇవే. కాంపౌండ్ బో అంటే కొసల్లో క్యామ్ అనే చక్రాలున్న విల్లు. పౌండ్లు అంటే దాన్ని లాగడానికి పట్టే బరువు, డ్రా లెంగ్త్ అంటే లాగే దూరం, స్ట్రింగ్ అంటే తాడు, పీప్ అంటే ఆ తాడులో కన్ను పెట్టి చూసే చిన్న రింగు, యాంకర్ అంటే లాగిన చెయ్యి ముఖం మీద ఆనే చోటు, సైట్ అంటే గురి చూసే పరికరం. మూడింటికీ ఒకే వరుస పనికొస్తుంది: ముందు బో కొలతలు, తర్వాత ఒళ్ళు, అన్నిటికన్నా చివర సైట్.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొదటి రోజే సైట్ స్క్రూ తిప్పడం మొదలుపెడతారు. సాయంత్రానికి తేడా బోలో ఉందో, చేతిలో ఉందో, సైట్‌లో ఉందో ఎవరికీ తెలియని స్థితికి వస్తారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అంగుళాల కొలతల అలెన్ కీల సెట్టు. కాంపౌండ్ బోల మీద స్క్రూలు ఎక్కువగా అంగుళాల సైజువే ఉంటాయి. సైకిల్ షాపులో దొరికే మిల్లీమీటర్ల కీ దాదాపు సరిపోయినట్టే ఉంటుంది, నాలుగుసార్లు తిప్పేసరికి లింబ్ (బోకి పైనా కిందా ఉండే వంగే రెక్క) బోల్టు తల అరిగిపోయి కీ జారుతుంది.
- 50 కిలోల వరకు తూగే, కొక్కెం ఉన్న డిజిటల్ కాటా. బియ్యం బస్తాలు, లగేజీ తూచేదే చాలు.
- బో స్క్వేర్ (స్ట్రింగ్ మీద పెట్టి కొలిచే స్కేలు), కొలిచే టేపు, చిన్న లెవెల్, గోడ కట్టేటప్పుడు తాపీమేస్త్రీ వేలాడదీసే తూకం గుండు.
- వెండి రంగు మార్కర్, స్ట్రింగ్ వ్యాక్స్ (తాడుకి రాసే మైనం), ఒక నోటు పుస్తకం.
- ఒకే కొలత, ఒకే బరువు ఉన్న ఆరు బాణాలు. వాటితోపాటు వేన్లు (తోక దగ్గరి రెక్కలు) లేని బాణాలు రెండు.
- అడుగూ మూతా తీసేసిన అట్టపెట్టె, పాత న్యూస్‌పేపరు. పేపర్ ట్యూనింగ్‌కి (బాణం కాగితాన్ని ఎలా చీల్చిందో చూసి బోని సరిచేయడానికి) ఇంతకన్నా ఖరీదైన ఫ్రేము అక్కర్లేదు.
- నిల్చున్న మనిషి ఛాతీ ఎత్తుకి వచ్చే గట్టి టార్గెట్.

టార్గెట్ గురించి ఒక మాట. ఉత్త వరిగడ్డి మోపు కాంపౌండ్ బాణాన్ని ఆపదు, గడ్డి ఎంత మెత్తగా ఉంటే బాణం అంత సులువుగా దాటిపోతుంది. గోనెసంచుల్లో పాత బట్టలు, ప్లాస్టిక్ కవర్లు తొక్కి తొక్కి కూరి కుట్టిన బస్తాలు బాగా పనిచేస్తాయి. వాటి వెనక గట్టి గోడో, ఎత్తైన మట్టి కట్టో ఉండాలి. రొయ్యల చెరువు గట్టు మీద మేత చల్లేవాళ్ళు తిరుగుతుంటారు. సరుగుడు తోటలోకి కట్టెలకి ఎవరో ఒకరు వస్తారు. ఎవరూ కనబడటం లేదు కదా అని అటు గురిపెట్టొద్దు.

1. ముట్టుకునే ముందు కొలవండి

పుస్తకంలో ఇవన్నీ ఎక్కించండి: పై యాక్సిల్ (క్యామ్ తిరిగే ఇరుసు) నుంచి కింది యాక్సిల్ దూరం, బ్రేస్ హైట్, అంటే గ్రిప్‌లో బాగా లోపలికి ఉన్న చోటు నుంచి స్ట్రింగ్ దాకా, నాకింగ్ పాయింట్ (స్ట్రింగ్ మీద బాణం తోక తగిలించే చోటు) ఎత్తు, నాకింగ్ పాయింట్ నుంచి పీప్ దాకా దూరం, రెస్ట్ (బాణం ఆనే ఆధారం) స్కేలు మీద గీత, ప్రతి దూరానికీ సైట్ మార్కు. పై లింబ్ మొదలు నుంచి స్ట్రింగ్‌కి, కింది లింబ్ మొదలు నుంచి స్ట్రింగ్‌కి ఉన్న దూరాలు కూడా విడివిడిగా రాయండి. టిల్లర్ అనేది ఈ రెండిటి తేడానే. క్యామ్‌లు రెండూ ఏ స్థితిలో ఉన్నాయో దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టుకోండి.

డ్రా వెయిట్ తూచడానికి ఇద్దరు కావాలి. కాటాని గట్టి దూలానికో, ఇనుప కొక్కేనికో వేలాడదీసి, దాని కొక్కెం స్ట్రింగ్ మీద కట్టిన చిన్న తాడు ఉచ్చుకి, అంటే డి-లూప్‌కి తగిలించి, బో గ్రిప్ పట్టుకుని నెమ్మదిగా కిందికి లాగాలి. ఎక్కువగా చూపిన అంకె పీక్ వెయిట్. వ్యాలీలోకి, అంటే చివర్లో బరువు తగ్గే చోటుకి, జారాక నిలిచిన అంకె హోల్డింగ్ వెయిట్. తర్వాత అంతే నెమ్మదిగా పైకి వదలాలి. చెయ్యి జారిందా, అది డ్రై ఫైర్ అయినట్టే: బాణం లేకుండా వదిలితే ఆ శక్తంతా లింబ్‌లకీ, క్యామ్‌లకీ తగులుతుంది. అలా జరిగిన బోని పూర్తిగా పరీక్ష చేయించకుండా మళ్ళీ లాగొద్దు.

కాటా కిలోల్లో చూపిస్తే ఈ లెక్క ఉంచుకోండి: 40 పౌండ్లు 18.1 కిలోలు, 45 అంటే 20.4, 50 అంటే 22.7, 55 అంటే 24.9, 60 అంటే 27.2. ప్రపంచ ఆర్చరీ నియమాల ప్రకారం కాంపౌండ్‌కి పీక్ వెయిట్ 60 పౌండ్లు దాటకూడదు. 59లో ఉన్నవాళ్ళు కొత్త స్ట్రింగ్ వేశాక ఒకసారి తూచుకోవడం మంచిది, తెలియకుండానే గీత దాటొచ్చు.

మార్పు ముందే అయిపోయిందా? పాత కొలతలు రాసుకోలేదా? ఫరవాలేదు. లింబ్ మీద అంటించిన కాగితంలో, బోతో వచ్చిన పుస్తకంలో యాక్సిల్ దూరం, బ్రేస్ హైట్ ఉంటాయి. వాటితో పోల్చి, ఈరోజు కొలతల్నే మొదటి పేజీలో రాయండి.

2. ఒకసారికి ఒక్కటే మార్చండి

పౌండ్లు పెంచి, అదే రోజు రిలీజ్ (స్ట్రింగ్ పట్టి వదిలే పరికరం) మార్చి, స్టెబిలైజర్‌కి (బో కదలకుండా బిగించే కడ్డీ) ఒక బరువు కూడా తగిలిస్తే, బాణం ఎడమకి పడినప్పుడు ఏది కారణమో చెప్పే దారి ఉండదు. ఒక మార్పు చేసి, 5వ మెట్టు దాకా వెళ్ళి, బాగుందనుకున్నాకే రెండోది. జిల్లా పోటీకి మూడు వారాల లోపే ఉంటే అసలు ఏమీ మార్చకండి. తెగిన స్ట్రింగ్, పగిలిన లూప్ లాంటి తప్పనిసరి పనులకే మినహాయింపు.

3. మార్చినదాన్ని బట్టి బో తనిఖీ

*పౌండ్లు మార్చినప్పుడు.* లింబ్ పాకెట్ (లింబ్ కూర్చునే గూడు) పక్కన లాక్ స్క్రూ ఉంటే ముందు దాన్ని వదులు చేయండి. అది బిగించి ఉండగానే లింబ్ బోల్టు తిప్పడం తరచుగా జరిగే తప్పు. పై బోల్టు ఎంత తిప్పితే కింది బోల్టు అంతే తిప్పాలి, పావు చుట్టు చొప్పున, మార్చి మార్చి. చాలా బోలలో ఒక చుట్టుకి రెండు మూడు పౌండ్ల తేడా వస్తుంది. ఖచ్చితంగా ఎంతో కాటా చెప్తుంది. తిప్పాక టిల్లర్ కొలవండి, పాత తేడా అలాగే ఉండాలి. లెక్క తప్పిపోయిందనిపిస్తే బోల్టులు రెండూ నెమ్మదిగా చివరిదాకా బిగించి, బలం పెట్టకుండా ఆగిన చోట ఆపి, అక్కణ్ణుంచి సమానంగా వదలండి.

హెచ్చరిక: తయారీదారు చెప్పిన చుట్ల కన్నా ఎక్కువ వదలొద్దు. బోల్టు మరీ వదులైతే లింబ్ పాకెట్లోంచి ఊడి ముఖం మీదికి వస్తుంది. ఎన్ని చుట్లో తెలియకపోతే, తెలిసేదాకా బోల్టు జోలికి పోవద్దు.

పౌండ్లు పెరిగితే బాణం మెత్తబడ్డట్టు ప్రవర్తిస్తుంది. రెండు పౌండ్లకి సాధారణంగా అదే బాణం సరిపోతుంది. ఐదు పెంచితే స్పైన్ (బాణం బిగువు) చార్టు చూడక తప్పదు. బాణం మొత్తం బరువు పౌండుకి ఐదు గ్రెయిన్ల కన్నా తగ్గకూడదు: 50 పౌండ్ల బోకి 250 గ్రెయిన్లు, గ్రాముల్లో 16.2. 60 పౌండ్లకి 300, అంటే 19.4 గ్రాములు. ఇంట్లో అంత సన్నటి కాటా లేకపోతే తెలిసిన నగల షాపులో ఒక బాణం తూయించుకోండి.

*డ్రా లెంగ్త్ మార్చినప్పుడు.* అర అంగుళం చిన్న విషయంలా వినిపిస్తుంది కానీ, అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. పీప్ కన్ను ముందుకి రాదు, తాడు ముక్కుకి తగిలే చోటు మారుతుంది, రిలీజ్ చెయ్యి దవడ కింద వేరే ఎముకకి ఆనుతుంది. కొన్ని క్యామ్‌లలో మాడ్యూల్ (డ్రా లెంగ్త్ మార్చే బిళ్ళ) మారిస్తే పీక్ వెయిట్ కూడా ఒకటి రెండు పౌండ్లు కదులుతుంది, కాబట్టి మళ్ళీ తూయండి.

పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుని ఇవి చూడండి. పొడుగెక్కువైతే: తల వెనక్కి వాలుతుంది, బో పట్టిన భుజం చెవి వైపు లేస్తుంది, తాడు ముంజేతికి చరుస్తుంది, స్కోప్‌లో (సైట్ కొసన ఉండే కటకం) చుక్క అడ్డంగా ఈదుతుంది. పొట్టిదైతే: బో చెయ్యి మోచేయి మడతపడి ఉంటుంది, రిలీజ్ మోచేయి బాణం వరుస కన్నా బయటికి తేలుతుంది, చుక్క ఎగిరెగిరి పడుతుంది. సరిగ్గా ఉంటే తల నిటారుగా ఉండి, తాడు ముక్కు కొసకి తగిలి, పీప్ తనంతట తాను కన్ను ముందుకి వస్తుంది.

మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడాకి మాడ్యూల్ మార్చొద్దు. డి-లూప్‌ని పొట్టిగానో పొడుగ్గానో మళ్ళీ కడితే యాంకర్ జరుగుతుంది, బో డ్రా లెంగ్త్ అలాగే ఉంటుంది. లేదా కేబుళ్ళకి (క్యామ్‌లని కలిపే తాళ్ళు) మెలికలు పెంచితే డ్రా లెంగ్త్, పౌండ్లు రెండూ కొద్దిగా పెరుగుతాయి. స్ట్రింగ్‌కి మెలికలు పెంచితే డ్రా లెంగ్త్ కొద్దిగా తగ్గుతుంది. మెలికల పనికి మాత్రం బో ప్రెస్ (లింబ్‌లని నొక్కి పట్టే యంత్రం) కావాలి. దగ్గర్లో ప్రెస్ ఉన్నవాళ్ళు లేకపోతే విజయవాడకో చెన్నైకో వెళ్ళిన రోజు ఈ పనులన్నీ ఒకేసారి చేయించుకుని రండి. గుంజకి కట్టి, ఇద్దరు లాగి పట్టుకుని, మూడోవాడు కేబుల్ తీసే పద్ధతి ఒకటి అక్కడక్కడా చేస్తుంటారు. వద్దు. అట్లా ఒక్కసారి జారినా వేలో కన్నో పోతుంది.

లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక పీక్ వెయిట్‌లో తగ్గే శాతం) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మాడ్యూల్‌తో పాటు లెట్-ఆఫ్ 75 శాతం నుంచి 65కి మారితే, 50 పౌండ్ల బోలో పట్టి నిలిపే బరువు 12.5 నుంచి 17.5 పౌండ్లకి పెరుగుతుంది. "పౌండ్లు ఏమీ పెంచలేదే, ఎందుకింత బరువు?" అనేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే. అలవాటయ్యాక ఆ ఎక్కువ బరువే చుక్కని నిలకడగా ఉంచుతుంది కాబట్టి, మొదటి వారం బాధ చూసి వెనక్కి మార్చేయకండి.

*కొత్త స్ట్రింగ్, కేబుళ్ళు వేసినప్పుడు.* కొత్త దారం సాగి స్థిరపడాలి. 100 నుంచి 200 బాణాల దాకా దాన్ని నమ్మొద్దు. పీప్ పైనా కిందా, డి-లూప్ ముడుల పక్కన, క్యామ్‌ల మీద తాడు విడిచే చోట వెండి మార్కర్‌తో సన్నటి గీతలు పెట్టండి. 150 బాణాల తర్వాత 1వ మెట్టు కొలతలన్నీ మళ్ళీ తీయండి. పీప్ అడ్డం తిరగడం మొదటి వంద బాణాల్లో మామూలే. ఆలోపు డి-లూప్‌ని మెలితిప్పి పీప్‌ని బలవంతంగా కన్ను ముందుకి తెచ్చుకోవద్దు, స్థిరపడ్డాక అది ఇంకో పక్కకి తిరుగుతుంది. స్థిరపడ్డాక కూడా తిరుగుతుంటే ప్రెస్ మీద పెట్టి, పీప్‌కి రెండు పక్కలా ఉన్న పోగుల్లో ఒకటి అటునుంచి ఇటు మార్చాలి.

క్యామ్‌లు రెండున్న బోలో టైమింగ్ చూడండి. టార్గెట్ ఎదురుగా, బాణం ఎక్కించి మీరు ఫుల్ డ్రాలో (పూర్తిగా లాగి) ఉండగా, పక్కన నిలబడ్డవాళ్ళు క్యామ్‌లని ఆపే పై స్టాప్, కింది స్టాప్ ఒకేసారి ఆనుతున్నాయా అని చూడాలి. ఒకటి ముందు ఆనితే, ఇంకోదానికి ఎంత సందుందో రాసుకుని ప్రెస్ దగ్గరికి తీసుకెళ్ళండి. టైమింగ్ తప్పిన బోని పేపర్ ట్యూనింగ్‌తో సరిచేయాలనుకోవడం కుంటి మంచానికి కొత్త దుప్పటి పరచడమే.

*రిలీజ్ మార్చినప్పుడు.* మణికట్టు పట్టీ రిలీజ్ నుంచి చేత్తో పట్టుకునే రిలీజ్‌కి మారితే యాంకర్ చోటు మారి, పనికొచ్చే డ్రా లెంగ్త్ కూడా మారుతుంది. డి-లూప్ పొడుగు సరిచూసుకోండి. కొత్త రిలీజ్‌ని బోకి తగిలించే ముందు, దారం ముడేసి రెండు చేతుల మధ్య లాగి పట్టుకుని యాభైసార్లు వదలడం సాధన చేయండి. బో మీద మొదటిసారి లాగేటప్పుడు రిలీజ్ దానంతటదే వదులుకుంటే పిడికిలి వచ్చి పెదవికి తగులుతుంది.

*స్టెబిలైజర్ బరువులైతే* ఒకసారికి ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాములు. చుక్క కిందికి జారుతుంటే ముందు బరువు ఎక్కువైనట్టు. అంతే, ఇందులో ఇంకేం లోతు లేదు.

4. ఖాళీ టార్గెట్ ముందు వారం

ఇక్కడే అందరూ తొందరపడతారు. మూడు మీటర్ల దూరం, కాగితం అంటించని టార్గెట్, సైట్ చూడకుండా షూటింగ్. వీలైతే సైట్ విప్పి పక్కన పెట్టేయండి, కళ్ళు అటు పోవు.

మొదటి మూడు రోజులు రోజుకి 30 నుంచి 40 బాణాలు చాలు. తర్వాత మూడు రోజులు 60. ఒక్కో బాణం మధ్య అర నిమిషం ఆగండి. చూడాల్సినవి నాలుగే: గ్రిప్‌లో చెయ్యి ఒకే చోట ఆనుతోందా, తాడు ముక్కుకి ఒకే చోట తగులుతోందా, రిలీజ్ చెయ్యి దవడ మీద ఒకే చోటుకి వస్తోందా, వదిలాక బో చెయ్యి ఎటూ పడిపోకుండా టార్గెట్ వైపే ఉందా.

పీప్ పరీక్ష: బాణం ఎక్కించి, టార్గెట్ వైపే, ఫుల్ డ్రాకి వచ్చి కళ్ళు మూసుకోండి. తల, చెయ్యి హాయిగా కుదిరాక కళ్ళు తెరవండి. పీప్ లోంచి స్కోప్ గుండ్రంగా, పీప్ అంచుతో సమానంగా కనిపించాలి. (ఈ ఒక్క పరీక్షకి సైట్ బిగించి ఉండాలి.) స్కోప్ కోసం మెడ సాగదీయాల్సి వస్తే పీప్ ఎత్తుగా ఉన్నట్టు, గడ్డం దించాల్సి వస్తే కిందికి ఉన్నట్టు. పదిసార్లు చేసి, ఏడెనిమిదిసార్లు ఒకే తేడా వస్తేనే పీప్ జరపండి. ఒకసారికి రెండు మిల్లీమీటర్లు. పీప్ పైకి జరిగితే బాణాలు పైన పడతాయి, కిందికైతే కింద. కాబట్టి సైట్ పని దీని తర్వాతే.

పౌండ్లు ఎక్కువయ్యాయో లేదో తెలుసుకోవడానికి: కుర్చీలో కూచుని, బోని టార్గెట్ వైపే సమంగా పట్టుకుని లాగండి. బోని ఆకాశంలోకి ఎత్తకుండా, నడుము వంచకుండా వస్తే ఆ బరువు మీదే. నిలబడి పది సెకన్లు పట్టి, వదలకుండా నెమ్మదిగా వెనక్కి దించండి. దించేటప్పుడు బో మిమ్మల్ని ముందుకి గుంజేస్తే, ఇంకా రెండు పౌండ్లు తగ్గించాలి. ఇందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు. బోని పైకెత్తి లాగే అలవాటు మాత్రం ప్రమాదం: రిలీజ్ జారితే బాణం గోడ దాటి ఎవరింటి మీద పడుతుందో తెలియదు.

పెంచదలిస్తే ఒకసారికి రెండు పౌండ్లు, మధ్యలో కనీసం రెండు వారాలు. భుజం ముందుభాగంలో సూదితో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ రోజుకి ఆపేయండి. కండరం అలసిన నొప్పి వీపులో, భుజం వెనక వస్తుంది. ముందు వచ్చేది వేరు.

5. పేపర్ ట్యూనింగ్

అట్టపెట్టెకి పేపరు బిగించి, టార్గెట్‌కి మీటరున్నర ముందు, ఛాతీ ఎత్తులో పెట్టండి. పేపరుకి రెండు మీటర్ల దూరంలో నిలబడి సమంగా కొట్టండి. మూడు బాణాలు ఒకే రకంగా చీలిస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకోండి. మూడూ మూడు రకాలుగా చీలిస్తే అది బో తప్పు కాదు, గ్రిప్ తప్పు. 4వ మెట్టుకి వెళ్ళండి.

ముందు నిలువు తేడా. తోక పైకి చీలిస్తే నాకింగ్ పాయింట్ కొద్దిగా దించండి, లేదా రెస్ట్ పైకి జరపండి. తోక కిందికి చీలిస్తే దానికి తిరగేసి. ఒకసారికి ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ వద్దు. నిలువుగా ఎంత జరిపినా చీలిక మారకపోతే వేన్ ఎక్కడో రెస్ట్‌కి తగులుతోందన్నమాట. వేన్లకి పౌడరు రాసి కొట్టండి, తగిలిన చోట గీత పడుతుంది.

అడ్డం తేడాకి రెస్ట్‌ని అర మిల్లీమీటరు ఒక పక్కకి జరిపి మళ్ళీ మూడు కొట్టండి. చీలిక తగ్గితే అటే ఇంకో అర మిల్లీమీటరు, పెరిగితే ఇటు. సూత్రం బట్టీపట్టడం కన్నా కాగితం చెప్పింది వినడం నయం. బాణం గీత రెస్ట్ బిగించే రంధ్రాల మధ్య నుంచి, తాడు వరుసలో పోతున్నట్టు మొదట పెట్టుకుంటే ఎక్కువ తిప్పలు ఉండవు. రెస్ట్‌ని మూడు మిల్లీమీటర్ల పైన జరపాల్సి వచ్చిందంటే ఆపి, గ్రిప్ చూసుకోండి, టైమింగ్ చూసుకోండి, స్పైన్ చూసుకోండి. అంత జరిపి చిల్లు గుండ్రంగా తెచ్చుకున్నా, యాభై మీటర్లలో అది నిలవదు.

6. ఇప్పుడు సైట్

సైట్ మీద అంటించిన పాత దూరాల టేపు మీద నమ్మకం పెట్టుకోవద్దు. పౌండ్లు పెరిగితే బాణం వేగం పెరిగి మార్కులన్నీ దగ్గరవుతాయి. డ్రా లెంగ్త్ అర అంగుళం తగ్గినా సెకనుకి సుమారు ఐదడుగుల వేగం పోతుంది. దాంతో యాభై మీటర్లలో బాణం కిందికి దిగుతుంది.

సైట్ విప్పి బిగించారు కాబట్టి లెవెల్ సరిచూడండి. తూకం గుండు వేలాడదీసి, బో స్ట్రింగ్‌ని ఆ దారానికి సమాంతరంగా పట్టినప్పుడు స్కోప్‌లో బుడగ మధ్యలో ఉండాలి. లేకపోతే స్కోప్ తిప్పి బిగించండి.

పది మీటర్లతో మొదలుపెట్టి 18, 30, 40, 50 చొప్పున వెళ్ళండి. ప్రతి దూరంలో ఆరు బాణాల చొప్పున కనీసం మూడు ఎండ్లు (విడతలు) కొట్టాకే మార్కు రాయండి. సైట్ బాణాన్ని వెంబడించాలి: బాణాలు పైన పడితే సైట్ పైకి, కుడికి పడితే కుడికి. ఒక్క బాణం చూసి తిప్పొద్దు, గుంపు నడిమధ్యని చూసి తిప్పండి. గుంపే లేకపోతే తిప్పడానికేమీ లేదు.

పక్కల తేడా దూరంతో పెరుగుతుంటే ఈ పని చేయండి. కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి, మూడు మీటర్లలో ఆ గీతకి కొట్టండి. తేడా వస్తే సైట్‌ని అడ్డంగా జరిపి సరిచేయండి. తర్వాత 40 మీటర్లకి వెళ్ళి అదే గీతకి కొట్టండి. అక్కడ తేడా వస్తే సైట్ ముట్టుకోకుండా రెస్ట్ జరపండి, పావు మిల్లీమీటరు చొప్పున. బాణాలు ఎడమకి పడితే రెస్ట్ కుడికి, కుడికి పడితే ఎడమకి. రెండు దూరాల్లోనూ గీత మీదే పడేదాకా ఇటూ అటూ నాలుగైదుసార్లు తిరగాల్సి ఉంటుంది. గాలి లేని పూటే చేయాలి.

మన ఎండ, మన గాలి

నెల్లూరులో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే, తలుపులు మూసిన కారు లోపల అంతకన్నా ఎంతో ఎక్కువ. బోని డిక్కీలో వదిలి భోజనానికి వెళ్ళొస్తే కొత్త స్ట్రింగ్ సాగుతుంది, పీప్ తిరుగుతుంది, లింబ్ పొరలు కూడా విడిపోవచ్చు. పొద్దున సరిగ్గా ఉన్న మార్కులు మధ్యాహ్నం తప్పితే సైట్ కన్నా ముందు బ్రేస్ హైట్ కొలవండి.

కోస్తా పక్కన, కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. జూన్, జులైలలో పడమటి గాలి రోజంతా కొడుతుంది. సైట్, రెస్ట్ పనులన్నీ పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు పెట్టుకోండి. సాయంత్రం గాలిలో బాణాలు పక్కకి పడ్డాయని రెస్ట్ జరిపి, మర్నాడు పొద్దున మళ్ళీ వెనక్కి జరిపేవాళ్ళకి నెల గడిచినా పని తెమలదు. ఉప్పుగాలికి యాక్సిల్, స్క్రూలు తుప్పు పడతాయి, ప్రాక్టీసు అయ్యాక పొడిగుడ్డతో తుడవండి. అక్టోబరు, నవంబరు వానల్లో స్ట్రింగ్‌కి వ్యాక్స్ తగ్గకూడదు. తడిసిన తాడు బరువెక్కి బాణాన్ని కిందికి దించుతుంది.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

యాభై మీటర్ల కాంపౌండ్ పోటీలో 80 సెంటీమీటర్ల ఫేస్ (టార్గెట్ కాగితం) మీద పది రింగు అడ్డకొలత 8 సెంటీమీటర్లు. 20 మీటర్లలో దానికి సమానం 3.2 సెంటీమీటర్లు. కాబట్టి 20 మీటర్లలో మీ ఆరు బాణాలూ పొదలకూరు నిమ్మకాయంత చోటులో పడుతుంటే బో, మీరు ఒకటైనట్టే. అక్కడ అరచేయంత వెడల్పు వస్తుంటే యాభైకి పోయి లాభం లేదు.

ఇంకో రెండు పరీక్షలు. ఒకటి: ప్రాక్టీసు మొదటి ఎండ్, అరవై బాణాల తర్వాత చివరి ఎండ్ ఒకే సైట్ మార్కు మీద కొట్టి పోల్చండి. చివరిది కిందికి దిగితే పౌండ్లు మీ ఒంటికి ఇంకా ఎక్కువే. రెండు: రెండు రోజులు బో ముట్టకుండా వదిలి, మూడో రోజు వార్మప్ లేకుండా మూడు మీటర్లలో ఆరు, తర్వాత 20లో ఆరు కొట్టండి. పాత మార్కు మీదే పడితే యాంకర్ కుదిరింది. పడకపోతే ఇంకో నాలుగు రోజులు ఖాళీ టార్గెట్ ముందే.

ఎక్కువగా జరిగే తప్పులు

గుంపు పైకీ కిందికీ సాగుతోంది, పక్కలకి బాగానే ఉంది: క్యామ్ గోడకి (ఇక లాగలేని ఆఖరి చోటు) ఆనకుండా వదులుతున్నారు, లేదా వదిలే ముందు అర సెంటీమీటరు ముందుకి జారుతున్నారు. డ్రా లెంగ్త్ పెరిగినవాళ్ళలో ఇది ఎక్కువ. ఫుల్ డ్రాలో గోడని లాగుతూనే వదలాలి.

గుంపు పక్కలకి సాగుతోంది: గ్రిప్‌ని పిడికిలితో పట్టుకుంటున్నారు. బొటనవేలి కింద కండ మీదే ఆనాలి, మిగతా వేళ్ళు వదులుగా ఉండాలి. బుడగ చూడటం మరిచిపోయినా ఇదే లక్షణం.

చుక్క టార్గెట్ మధ్య పసుపు మీదికి రాగానే రిలీజ్‌ని గుద్దేస్తున్నారు: బరువు పెరిగాక భుజం అలిసి తొందర పెడుతుంది. రెండు పౌండ్లు తగ్గించి ఒక వారం ఖాళీ టార్గెట్.

ఒక బాణం మాత్రం ఎప్పుడూ దూరంగా పడుతోంది: బాణానికి నంబరు వేయండి. అదే నంబరు మూడుసార్లు తప్పితే నాక్ (స్ట్రింగ్‌కి తగిలించే తోక ముక్క) మార్చండి, అప్పటికీ తప్పితే పక్కన పెట్టండి. ఏ బాణాన్నైనా ఎక్కించే ముందు రెండు చేతులతో పట్టి కొద్దిగా వంచుతూ చెవి దగ్గర తిప్పండి. చిటపటమంటే కార్బన్ చీలింది. నాక్‌లో వెంట్రుకంత పగులున్నా పారేయండి. పౌండ్లు పెంచిన బోలో పగిలిన నాక్ విరిగిందంటే అది డ్రై ఫైర్‌తో సమానం.